దీపాల పిల్ల గొంతు

ఆ ఇంట్లో తెల్లవారడమంటే పెద్దాయన గొంతు వినబడడమే. స్నానమూ ప్రార్థనా ముగించుకుని, కాఫీ కప్పును భార్య కుడిచేతికి అందేటంత దూరంలో పెట్టి, "పిడి నీ వైపే ఉంది, కాస్త వేడి మీద ఉంది" అని చెప్పి, బాల్కనీ తలుపు తెరిచేవారు. "ఈవేళ మబ్బు లేదు. ఎదుటి మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు, నీలం రంగువి" అంటూ లోకాన్ని ఒకసారి ఆమె ముందు పరిచేవారు. ఆ తరువాతే దినపత్రిక విప్పేవారు. అచ్చుతప్పు ఎదురైతే ఒక్క క్షణం ఆగి, తప్పును తప్పుగానే చదివి ముందుకు సాగేవారు.

"అక్కడ ఏదో తప్పు పడింది కదూ?" అన్నది ఆవిడ ఆ శనివారం పొద్దున.

"పడింది. నీకెలా తెలిసింది?"

"మీ ముక్కు చెప్పింది. తప్పు కనబడితే ముక్కుతో ఊపిరి వదులుతారు. మామూలప్పుడు నోటితో."

ఆయన నవ్వి పేజీ తిప్పారు. ఉద్యోగమంతా ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడంలోనే గడిచిన మనిషి ఆయన. రచయిత రాసిన వాక్యం తనకు నచ్చకపోయినా అందులో ఒక పొల్లును కూడా కదిపేవారు కారు. అక్షరమంటే నశించనిదని పెద్దలు చెప్పిన అర్థాన్నే ఆయన ఉద్యోగధర్మంగా స్వీకరించారు. పరుల మాటను ఉన్నదున్నట్టు నిలబెట్టడం కూడా భగవంతుడి ఎదుట దీపం పెట్టడంతో సమానమని నమ్మారు. వాళ్లుంటున్న మేడలోని వాళ్లందరికీ ఆయన ప్రూఫుల బాబాయిగారు.

ఆవిడది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం. అవతలి మనిషి నంబరు అడగడానికి నోరు తెరిచేలోపే, పీల్చిన ఊపిరిని బట్టి ఫలానా వారని పోల్చుకునేదని తోటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నీటికాసుల జబ్బు ఆమె చూపును అంచుల నుంచి లోపలికి కొరుక్కుంటూ వచ్చి, ఒకనాటికి మొత్తం మింగేసింది. అప్పటి నుంచి మందు సీసా మీద ఏముందో, మెట్టు ఎక్కడుందో, తలుపు తట్టిందెవరో, అన్నీ ఆమెకు ఆయన నోటి నుంచి రావలసిందే.

వాళ్లమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. బదిలీ మీద ఈమధ్యనే అమ్మానాన్నల దగ్గరికి వచ్చి చేరింది. ఆ పొద్దున తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని, ఫోనులో ఏదో చూస్తూ, "అమ్మా, రేపే చివరి ఎపిసోడు. జనం ఏమేం రాస్తున్నారో వింటావా?" అన్నది.

పెద్దాయన చేతిలో దినపత్రిక కాస్త కిందికి వాలింది.

జనం రాస్తున్నది ఆ రేవుపట్నం సీరియల్ గురించి. వందేళ్ల కిందటి కథ అది. గ్యాసు దీపాల వీధులు, పొగమంచు కమ్మిన ఓడరేవు, అక్కడ జరిగే హత్యలు, వాటి ఆరా తీసే ఒక యువ ఇన్‌స్పెక్టరు, అతని చెల్లెలు. ఆ చెల్లెలు నిచ్చెన భుజాన వేసుకుని సాయంకాలం వీధివీధికీ తిరిగి దీపాలు వెలిగిస్తుంది. అందుకే ఈ ఇంట్లో ఆమె పేరు దీపాల పిల్ల. మాటలన్నీ ఎవరిదో పరాయి భాష. తెర అడుగున మాత్రం మన అక్షరాలు పడతాయి. పెద్దాయన ఆ అక్షరాలను చదువుతూ, చదువుతూనే తెర మీద ఎవరు వచ్చారో, ఏం కట్టుకున్నారో చెబుతూ, మొదటి సిరీస్ నుంచీ భార్యకు ఆ కథను వినిపిస్తూ వచ్చారు. ఇప్పుడు నడుస్తున్నది ఆఖరి సిరీస్.

అమ్మాయి చదువుతూ పోయింది. పోయినవారపు ఎపిసోడు అయ్యాక టీవీ కట్టేసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయానని ఒకాయన రాశాడట. వీధిదీపం వెలిగినప్పుడల్లా తలెత్తి చూడకుండా ఉండలేకపోతున్నానని ఒకావిడ రాసిందట. ఉద్యోగం నుంచి రిటైరైన పోలీసాయన ఒకరు, ఇన్నేళ్లూ తను తిరిగిన వీధుల్లో ఎవరెవరు దీపాలు వెలిగించి ఉంటారో ఎన్నడూ ఆలోచించలేదని, సిగ్గుతోనూ ఆశ్చర్యంతోనూ తల వంచుతున్నానని రాశాడట. ఏదో పెద్ద గుడిలోంచి బయటికి వచ్చినవాళ్లు మాట్లాడినట్టు గొంతు తగ్గించి రాస్తున్నారందరూ.

"ఇంకొకావిడ ఏమంటోందంటే, మూడో సిరీస్ చివర ఆ పిల్ల..." అని అమ్మాయి ఆగింది. ఆగి, తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది.

పెద్దాయన మోచెయ్యి తగిలి చెంచా పింగాణీ పళ్లెం మీద ఠంగుమని పడింది.

"ఆ పిల్ల ఏమిటట?" అన్నది ఆవిడ.

"ఆ పిల్ల నవ్వు మరిచిపోలేనంటోంది" అన్నది అమ్మాయి, తండ్రి మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆవిడ కాఫీ ఆఖరి గుక్క తాగి, కప్పు కింద పెట్టి, తీరిగ్గా చెప్పింది. "రేపు సాయంత్రం పైఅంతస్తు డ్రైవర్నీ, వాళ్లావిడ నర్సమ్మనీ, గడియారాలాయన్నీ మన ఇంటికే రమ్మన్నాను. ఇంత గొప్ప ముగింపు అంటున్నారు. ఎవరి గదిలో వాళ్లం కూర్చుని చూడటమేమిటి, అందరం కలిసి చూద్దాం. ఏమండీ, మీరే చదవాలి. మీ గొంతులో వినాలని నర్సమ్మకు ఎప్పటి నుంచో ఉందట."

పెద్దాయన పత్రికను మడతపెట్టారు. "అలాగే" అన్నారు. ఆ మాట ఆయనకే ఎవరిదోలా వినబడింది.

కారణం ఇది. మూడో సిరీస్ ఆఖరున దీపాల పిల్ల చనిపోయింది. తెల్లవారుజామున ఓడరేవు మెట్ల దగ్గర నిచ్చెన పడి ఉంది, పక్కన ఆ పిల్ల పడి ఉంది. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు. ఒక్క ఆవిడకే తెలియదు. ఆయన చదివిన కథలో ఆ పిల్ల లేచి కూర్చుంది.

ఆ మేడలో వాళ్లందరినీ ఆయన అప్పటి నుంచీ బతిమాలుకుంటూ వచ్చారు. మేమింకా వెనకటి ఎపిసోడ్లలోనే ఉన్నాం, ముందు జరిగేది ఆవిడ చెవిన వేయకండి, మజా పోతుంది అని. బస్సు డ్రైవరు, మెట్ల మీద ఆవిడ ఎదురైతే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకునేవాడు. ఇంట్లో అయితే ఆయన తంటాలు ఇన్నీ అన్నీ కావు. కథలోని రొట్టెల కొట్టు అమ్మాయి మాట్లాడినప్పుడల్లా అది దీపాల పిల్ల మాటగా చదివేవారు. ఇన్‌స్పెక్టరు చెల్లెలి కోసం కుమిలిపోతుంటే, ఎవరో అనామకుడైన ఓడకూలీ హత్య అతన్ని కలచివేసిందని చెప్పేవారు. సముద్రం తప్ప ఏమీ కనబడని చోట, "అదిగో, వంతెన మీద నిలబడి నవ్వుతోంది, ఏమీ అనడం లేదు" అని ఆ పిల్లను తీసుకొచ్చి నిలబెట్టేవారు.

అమ్మాయి ఆయన వెనకాలే వంటగదిలోకి వచ్చింది. ఆయన కప్పులు కడగడానికి కుళాయి తిప్పారు.

"కుళాయి కట్టేయండి నాన్నా. నీళ్ల చప్పుడు చాటున మాట్లాడుకుంటున్నామని అమ్మకు ఇట్టే తెలుస్తుంది."

ఆయన కట్టేశారు.

"పోయిన ఆదివారం నేను సోఫా వెనకాల బట్టలు మడతపెడుతూ విన్నాను. రొట్టెల కొట్టు అమ్మాయిని మీరు దీపాల పిల్ల అన్నారు. పొరపాటనుకున్నాను. ఎపిసోడంతా అదే వరస. వారమంతా నాలో నేనే కొట్టుకున్నాను, అడగనా వద్దా అని."

"ఒక కథే కదమ్మా."

"చిన్నప్పుడు నా స్కూలు వ్యాసంలో ఒక్క మాట బాగుచెయ్యమంటే, నీ మాట నీదే అని కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఇంకొకరు రాసింది మార్చకూడదని నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. ఇవాళ కథే కదా అంటున్నారా?" ఆమె గొంతు తగ్గించింది గానీ పదును తగ్గించలేదు. "కథ సంగతి వదిలేయండి. అమ్మకు మీరు తప్ప వేరే కళ్లు లేవు. రేపు నలుగురిలో ఈ సంగతి బయటపడిందనుకోండి. ఎల్లుండి మీరు మందు సీసా చదివితే నమ్ముతుందా? మెట్టు ఉందంటే కాలు మోపడానికి జంకదూ? దేన్ని పట్టుకుని నడవాలి నాన్నా ఆవిడ?"

కడగని కప్పు పెద్దాయన చేతిలో అలాగే ఉంది. ఆ కప్పుకు చెబుతున్నట్టుగా చెప్పారు. ఇక చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చి చెప్పిన రోజు అది. ఇంటికి వచ్చాక మీ అమ్మ అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు, ఏడవనైనా ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. సాయంత్రం మాత్రం, ఆ పిల్ల నవ్వు వినాలని ఉంది, టీవీ పెట్టండి అన్నది. పెట్టాను. నిచ్చెన కనబడింది, మెట్లు కనబడ్డాయి, ఆ పిల్ల కనబడింది. కింద అక్షరాలు పడ్డాయి. ఆ అక్షరాలు నా నోట రాలేదమ్మా.

అమ్మాయి కళ్లు చెమర్చాయి. అయినా మాట వదల్లేదు. "రేపు వాళ్లు వచ్చేలోపు మీరే చెప్పండి. మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను."

ఆ మధ్యాహ్నం ఆవిడ మంచం మీద తువ్వాళ్లు మడతపెడుతూ ఉండగా ఆయన వెళ్లి పక్కన కూర్చున్నారు. అంచుకు అంచు వేళ్లతో తడిమి కలుపుతూ, ఒక్క మడత కూడా వంకర పోకుండా పేరుస్తోంది. ఆయన గొంతు సవరించుకుని, "నీకొక మాట చెప్పాలి. ఆ కథ గురించి" అన్నారు.

"కథ గురించైతే రేపటిదాకా నోరు కట్టేసుకోండి. ముందే చెప్పేస్తే నాకు గిట్టదని తెలుసుగా."

"అది కాదు. వెనకటి కథ..."

"వెనకటిదీ వద్దు, ముందుదీ వద్దు. ఈ తువ్వాలు పట్టుకోండి, మీ వైపు అంచు జారుతోంది."

ఆయన అంచు పట్టుకున్నారు. ఆ సాయంకాలపు ప్రార్థనలో ఆయన క్షమాపణ కోరలేదు. రేపటి పూట తన గొంతు తడబడకుండా చూడమని మాత్రమే భగవంతుణ్ణి వేడుకున్నారు. అంత చిన్న కోరిక కోరడానికి ఆయనకు ఆనాడే మొదటిసారి భయం వేసింది.

ఆదివారం ఎండ పసుపురంగుకు తిరిగే వేళకు ముందుగది నిండిపోయింది. బస్సు డ్రైవరు తన ఇంటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చాడు. అతని భార్య నర్సు, డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చింది. గడియారాలు బాగుచేసే ఆయన గోడవారగా కూర్చుని, ఆ కాలంలో ఇన్‌స్పెక్టరు చేతి గడియారం లాంటిది ఇంకా పుట్టనే లేదని, మొదటి సిరీస్ నుంచీ ఆ ఒక్క సంగతీ తనను పీక్కుతింటోందని మొదలుపెట్టాడు.

"ఊరంతా హంతకుణ్ణి వెతుకుతుంటే ఈయన గడియారాన్ని పట్టుకున్నాడు" అన్నాడు డ్రైవరు. తరువాత ఆవిడ వైపు తిరిగి, ఇంకా వెనకబడే ఉన్నారు కదా, ముగింపు ముందే చూస్తే ఎలాగని అడిగాడు.

"పరుగెత్తి అందుకున్నాంలేవోయ్" అన్నది ఆవిడ.

అమ్మాయి తండ్రి ముఖం చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. చెప్పలేకపోయానని ఆ ఊపుకు అర్థం. ఆమె తల్లి కాళ్ల దగ్గర చాప మీద కూర్చుంది, అవసరమైతే తనే నోరు విప్పాలని నిశ్చయించుకుని. అంతలో తెర వెలిగింది.

మొదట కాసేపు ఆయనకు పని సులువుగానే సాగింది. పొగమంచు, ఓడల గంటలు, ఖాళీ వీధులు. ఉన్నదున్నట్టు చదివారు. చెల్లెల్ని చంపినవాడి జాడ దొరక్క ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వబోతాడు. తల్లీ తండ్రీ లేని ఆ అన్నాచెల్లెళ్లను పెంచి పెద్దచేసిన పై ఆఫీసరు అతని భుజం తట్టి, మరిచిపో నాయనా అంటాడు. "చెల్లెల్ని" అన్న మాట తెర అడుగున పడినప్పుడు పెద్దాయన దాన్ని మింగేశారు. గదిలో ఎవరూ గమనించలేదు. అమ్మాయి మాత్రం చాప అంచు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఇన్‌స్పెక్టరు ఒక పాత దుకాణంలోకి వెళతాడు. మాట్లాడే యంత్రాలు అమ్మే దుకాణం అది. మనిషి గొంతును మైనపు గొట్టం మీద పట్టి మళ్లీ వినిపించే యంత్రాలు. దుకాణదారు దుమ్ము తుడిచి ఒక గొట్టాన్ని తీసి, ఇది మీ చెల్లెలు సరదాకు మాట్లాడి వెళ్లింది, మీకివ్వాలని ఇన్నాళ్లూ దాచాను అంటాడు. గొట్టం తిరుగుతుంది. గరగర చప్పుడు. ఆ చప్పుడులోంచి, ముందు ఒక నవ్వు. నవ్వు వెంట మాట.

నర్సు తన భర్త చెయ్యి పట్టుకుంది. తెర అడుగున అక్షరాలు పడుతున్నాయి. పెద్దాయన పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఇప్పుడు ఎవరి పేరు చెప్పాలి? బతికి ఉన్న పిల్ల గొంతును అన్న గొట్టంలో ఎందుకు వింటాడు? ఎందుకు ఏడుస్తాడు? ఆయన అల్లిన అల్లికంతా ఆ నవ్వు దగ్గర తెగిపోయింది. అమ్మాయి, "అమ్మా" అని మొదలుపెట్టబోయింది.

ఆవిడ చెయ్యి చాచి కూతురి తల మీద పెట్టింది. మరో చేత్తో భర్త మణికట్టు వెతికి పట్టుకుంది.

"చదవండి" అన్నది, మెల్లగా. "ఆ పిల్లే కదా. ఎన్నాళ్లకు వినబడింది మళ్లీ."

పెద్దాయన తల తిప్పి భార్య ముఖంలోకి చూశారు. ఆ ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. చాలాకాలం రైల్వే స్టేషనులో నిలబడి, రావలసిన బండి కూత విన్న మనిషి ముఖంలా ఉంది అది. ఆయన తెర వైపు తిరిగి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క పొల్లు కదపకుండా చదివారు.

"అన్నయ్యా, ఇది మాటలు దాచుకునే యంత్రమట. ఏం చెప్పను? నేను వెలిగించే వీధులు చెబుతాను, విను. చేపల సందు. తాళ్ల బజారు. గంట మేడ. తెల్ల మెట్లు. తెల్ల మెట్ల దగ్గరి దీపం ఎప్పుడూ ఆరిపోతూ ఉంటుంది. గాలి అంటారు. గాలి కాదు, ఎవరో ఆర్పుతున్నారు. ఎవరో రేపు చూసి చెబుతాను. నేను వచ్చేదాకా తలుపు గడియ పెట్టకు."

ఆ మాటల వెనకాల, యంత్రపు గరగరలో కలిసిపోయి, ఏదో చిన్న చప్పుడు వచ్చింది. తెర అడుగున దానికి అక్షరాలు పడలేదు.

"అయ్యో" అన్నది ఆవిడ. "ఆ దగ్గు పెద్ద ఆఫీసరుది. ఆయన అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు."

తెర మీద ఇన్‌స్పెక్టరు గొట్టాన్ని మళ్లీ వెనక్కి తిప్పాడు, చెవి దగ్గరికి వంగాడు, మళ్లీ విన్నాడు. అతని ముఖం మెల్లగా తెల్లబోయింది. అప్పుడు గానీ కింద అక్షరాలు పడలేదు. తనను పెంచిన మనిషి దగ్గును అతను పోల్చుకున్నాడు. గడియారాలాయన కుర్చీలోంచి ముందుకు వంగి, తెరను వదిలేసి, కళ్లు మూసుకుని కూర్చున్న ఆ పెద్దావిడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

పెద్దాయనకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. ఎప్పుడో రెండో సిరీస్‌లో విన్న దగ్గును గుర్తు పట్టగలిగిన చెవికి, రొట్టెల కొట్టు అమ్మాయి గొంతుకూ దీపాల పిల్ల గొంతుకూ తేడా తెలియకుండా ఉంటుందా? జీవితమంతా కంటితో బతికినవాడు తను. పరాయి భాష గనుక ఆడగొంతులన్నీ ఒకటేననుకున్నాడు. చెవికి కూడా ముఖాలు కనబడతాయని ఒక ఆపరేటరుతో ఇంతకాలం కాపురం చేసి కూడా ఎరగలేదు. భయం వేయవలసిన చోట ఆయనకు భయం వేయలేదు. సముద్రం ఒడ్డున మొదటిసారి నిలబడిన మనిషికి కలిగే చిన్నతనం లాంటిదేదో కలిగింది.

మిగిలిన కథంతా ఆయన ఒక్కచోట కూడా తడబడకుండా చదివారు. పెద్ద ఆఫీసరు దొంగ సరుకు దింపించడానికి తెల్ల మెట్ల దగ్గర చీకటి కోసం దీపం ఆర్పించేవాడని చదివారు. పెంచిన చేతులకు తనే సంకెళ్లు వేస్తూ ఇన్‌స్పెక్టరు అన్న మాట చదివారు. ఆఖరి దృశ్యంలో చదవడానికి ఏమీ లేదు. చూసి చెప్పవలసిందే. "చెల్లెలి నిచ్చెన భుజాన వేసుకున్నాడు. యూనిఫారం లేదు. చేపల సందులో మొదటి దీపం వెలిగించాడు. తాళ్ల బజారు. గంట మేడ. ఇప్పుడు తెల్ల మెట్లు. అక్కడా వెలిగింది. ఊరంతా వెలిగింది. ఇంటికి వచ్చాడు. లోపలికి వెళ్లాడు. తలుపు గడియ పెట్టలేదు. తెరిచిన తలుపు, వీధి వెలుతురు గడప దాకా వచ్చి ఆగింది. అంతే."

పనిచేసినవాళ్ల పేర్లు తెర మీద పైకి పాకుతున్నాయి. ఒక్కరూ లేవలేదు. రోజంతా హారను మోగిస్తూ ఊరి మీద విసుక్కునే డ్రైవరు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని పసివాడిలా కూర్చున్నాడు. గడియారాలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఆ గడియారం సంగతి ఇక తను ఎత్తనని చెప్పాడు. నర్సు లేచి పెద్దాయన దగ్గరికి వచ్చింది. "బాబాయిగారూ, నేనీ కథంతా చూశాననుకున్నాను. వినడం మాత్రం ఇవాళే" అని, ఇంకేదో అనబోయి, అనలేక, ఆవిడ భుజం నిమిరి వెళ్లిపోయింది. కుర్చీలు కూడా చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని వెళ్లారు వాళ్లు, ఎవరో నిద్రపోతున్న ఇంట్లోంచి వెళ్లినట్టు.

తలుపు మూసుకున్నాక గదిలో ముగ్గురే మిగిలారు. పెద్దాయన, "ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నారు.

"ఆ రోజే. రొట్టెల కొట్టు అమ్మాయి ముక్కుతో మాట్లాడుతుంది. ఈ పిల్ల నవ్వి మాట మొదలుపెడుతుంది. ఆ రెండు గొంతుల్నీ ఒకటి చేస్తారా మీరు? ఎక్స్ఛేంజిలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే సాయంత్రానికి ఉద్యోగం ఊడేది."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "నిచ్చెన పడి ఉంది అని చదివారు. ఆగారు. ముక్కుతో ఊపిరి వదిలారు. పోయిందీ పిల్ల అనుకున్నాను. ఇంతలో 'లేచి కూర్చుంది' అన్నారు. పరాయివాళ్ల రాతలో పొల్లు కదపని మనిషి, నాకోసం ఒక చావునే కొట్టివేశారు. ఆ పూట నేను అన్నం తిన్నాను, గుర్తుందా మీకు? కథ నమ్మి కాదు తిన్నది. అంత పని చేసిన మనిషి పక్కన ఉండగా గోడకు ఆనుకుని కూర్చోవడం బాగోదనిపించి తిన్నాను."

అమ్మాయి, తల్లి మోకాలి మీద గడ్డం ఆనించింది. నిన్న తండ్రి ముందు వల్లించిన ప్రశ్న ఇప్పుడు వేరే గొంతుతో వచ్చింది. "అమ్మా, నాన్న ఇంకేమేమి మారుస్తున్నారో అని నీకు భయం వేయలేదా?"

"ఎందుకు వేయలేదు? వేసింది. నర్సమ్మ చేత మందు సీసాలన్నీ మళ్లీ చదివించుకున్నాను. గడియారాలాయన చేత పేపరు చదివించుకున్నాను. మబ్బు పట్టిందా అని డ్రైవర్ని అడిగేదాన్ని. పాపం, అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చెప్పేవాడు." ఆవిడ చిన్నగా నవ్వింది. "ఎక్కడా అక్షరం తేడా రాలేదే తల్లీ. మీ నాన్న అబద్ధం ఆ ఒక్క పిల్ల చుట్టూ గిరి గీసుకుని కూర్చుంది. దాటి ఇవతలికి రాలేదు."

అమ్మాయి ఇక ఆపుకోలేకపోయింది. తల్లిని నడిపించవలసిన మనిషిగా, తండ్రిని నిలదీయవలసిన మనిషిగా ఈ ఇంటికి వచ్చాననుకుంది తను. వాళ్లిద్దరూ తన ఊహకు అందనంత లోతున, ఒకరికొకరు తెలియకుండా ఒకరినొకరు మోసుకుంటూ ఉన్నారు. ఆమె తల్లి ఒళ్లో ముఖం దాచుకుని, "వంటింట్లో నాన్నను చాలా మాటలన్నానమ్మా" అన్నది.

"విన్నాను. కుళాయి కట్టేయమన్నావుగా."

పెద్దాయన ఏడుస్తూనే నవ్వారు. కాసేపటికి, అందరినీ ఎందుకు పిలిచావని అడిగారు.

"మీరు ఒక్కరే ఎన్నాళ్లని మోస్తారు ఆ పిల్లను? దించండి అని నేనంటే చిన్నబుచ్చుకుంటారు. నలుగురిలో కథే దించేస్తుందనుకున్నాను. పైగా..." ఆవిడ గొంతు మొదటిసారి వణికింది. "ఆ పిల్ల పోయిందని తెలిసి కూడా నేను ఏడవలేదు. ఏడిస్తే మీకు తెలిసిపోతుందని. నా కళ్లు పోయినప్పుడూ ఏడవలేదు. ఇవాళ రెంటికీ కలిపి ఏడవాలని ఉంది."

ఏడ్చింది. చూపు లేని కళ్లకు కన్నీరు మాత్రం తక్కువ కాలేదు. ఆయన పక్కన కూర్చుని, ఏమీ చదవకుండా, ఏమీ వర్ణించకుండా, ఆమె చెయ్యి పట్టుకుని ఉండిపోయారు. భగవంతుడు మనిషికి మనిషిని ఎందుకిచ్చాడో ఆయనకు తెలుసుననుకుంటూ వచ్చారు ఇన్నాళ్లూ. తెలిసింది చాలా కొంచెమేనని ఆ సాయంత్రం తేలింది.

కొంగుతో ముఖం తుడుచుకుని ఆవిడ సోఫాలో వెనక్కి వాలింది. "సరే. ఇది వాళ్ల ముగింపు. గొప్పగా ఉంది, కాదనను. మరి మీ కథలో ఆ పిల్ల ఇంకా బతికే ఉంది కదా. దాని సంగతేమిటి?"

"దానికి ముగింపు నేనెక్కడి నుంచి తెచ్చేది? నేను రాసేవాణ్ణి కాదే."

"మరి ఇన్నాళ్లూ ఎవరు రాశారట?"

అమ్మాయి లేచి టీవీ కట్టేసింది. మళ్లీ వచ్చి చాప మీద, తల్లి కాళ్ల దగ్గరే కూర్చుంది. పెద్దాయన గొంతు సవరించుకున్నారు. తెర నల్లగా ఉంది. చదవడానికి ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఆయన కళ్లు మూసుకున్నారు.

"తెల్ల మెట్ల దగ్గర నిచ్చెన వేసింది. చివరి దీపం అదే. గాలి ఎక్కువగా ఉంది. చెయ్యి అడ్డం పెట్టి వెలిగించింది." ఆయన ఆగారు. బయట ఏదో మారినట్టు తోచి కళ్లు తెరిచారు. "వీధిదీపాలు వెలిగాయి" అన్నారు.

"ఇది కథలోనా, నిజంగానా?"

"నిజంగా. మన బాల్కనీ బయట. మలుపు దాకా వరసగా."

ఆవిడ ముఖాన్ని ఆ వైపు తిప్పి కాసేపు అలాగే ఉంచింది. తరువాత ఆయన చెయ్యి తట్టింది.

"ఊఁ, ఇప్పుడు కథ చెప్పండి. ఇంటికి వచ్చిందా?"

"వస్తోంది" అన్నారాయన. "తలుపు గడియ పెట్టి లేదు."